మలుపు లోపల ఏముంది?

మా మేనకోడలు ఇంజనీరింగు పూర్తిచేసి, రోడ్లకు నమూనాలు గీసే ఒక కంపెనీలో కొత్తగా చేరింది. చేరి ఇంకా ఆరు నెలలు కాలేదు. మొన్న ఆదివారం పొద్దున్నే ఒక చేతిలో మా చెల్లెలు పంపిన కందిపొడి సీసా, రెండో చేతిలో లాప్‌టాప్ సంచీ పట్టుకుని దిగింది. "అత్తయ్యా, కాఫీ!" అని వంటింటివైపు ఒక కేకా, "మావయ్యా, నా మొదటి రోడ్డు చూస్తారా?" అని నావైపు ఒక కేకా వేసి, కుర్చీలో కూర్చోకముందే మూత తెరిచింది. సీసాది కాదు, లాప్‌టాప్‌ది.

నేను ముప్ఫైయైదేళ్ళు రోడ్ల కొలువులో వుండి బయటపడ్డవాణ్ణి. ఆ సంగతి ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. కూరగాయల ధరల మీద రాసినా, పెళ్ళిభోజనాల మీద రాసినా, మధ్యలో ఎక్కడో ఒక కంకరరోడ్డు వచ్చి పడుతోందని కొందరు ఉత్తరాలు కూడా రాశారు. ఈ వారం ఆ దాపరికం లేదు లెండి. ఈ వారం రోడ్డే.

తెర మీద ఒక సన్నని గీత కనిపించింది. లాగి కట్టిన దండెంలా మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువగా తిన్నగా వచ్చి, ఒక వూరి పొలిమేరలో ఎడమచేతివైపు తిరిగిపోయింది. ఇప్పుడున్న ఒంటిబాట తారురోడ్డునే వెడల్పు చేసి, అక్కడక్కడా వంకర తీసి, రెండు వరసల రోడ్డు చేస్తారట. మలుపు పక్కన ఆకుపచ్చ గుర్తులు వరసగా వున్నాయి.

"ఇవేమిటి తల్లీ?"

"అన్నీ సరిపోయినట్టు గుర్తులు మావయ్యా. వేగం గంటకి 80 కిలోమీటర్లు. మలుపు అర్ధవ్యాసం 250 మీటర్లు. వాలు సరిపోయింది, వెడల్పు సరిపోయింది. శుక్రవారంనాటికి పై ఆఫీసుకి పంపెయ్యాలి."

"బాగుంది. మలుపు లోపల ఏముంది?"

"లోపలా? లోపలంటే ఏమిటి మావయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేలోగా మా ఆవిడ కాఫీలు తెచ్చింది. తెస్తూనే, "నేల చదునుచేసి తారు పొయ్యటానికి ఇన్ని గీతలూ, ఇన్ని గుర్తులూ ఎందుకండీ? వెనక రాజులు వేయించిన బాటలకి ఇవన్నీ వున్నాయా?" అంది. వెనకటి బాటల మీద ఎద్దుబండి నడిచింది. ఎద్దుకి కళ్ళున్నాయి, మలుపు వస్తే అదే తిరుగుతుంది, అడ్డమొస్తే అదే ఆగుతుంది. మోటారుకి ఆ జ్ఞానం లేదు. ఎద్దుకి వుండే ఆ తెలివిని రోడ్డు ఆకారంలోనే పెట్టాలి. ఈ గీతలన్నీ అందుకే.

మా ఆవిడకు చెప్పినట్టే మీకూ చెబుతాను. రోడ్డు చాప పరిచినట్టు కనబడుతుంది గాని చాప కాదు. నడుమ ఎత్తుగా, రెండు అంచులకూ వాలుగా వుంటుంది. పెంకుటింటి కప్పు లాంటిదే. రెండు బళ్ళు ఎదురెదురుగా పోయే రోడ్డుకి తారు వెడల్పు 7 మీటర్లు. వాలు నూటికి రెండున్నర చొప్పున లెక్కకడితే నడుమ భాగం అంచుకన్నా తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తు, ఇంచుమించు నాలుగు వేళ్ళు కలిపి పెట్టినంత. ఆ నాలుగు వేళ్ళూ లేకపోతే వాననీరు నిలిచి, ఒక్క వర్షాకాలంలో తారంతా తినేస్తుంది.

తిన్నని రోడ్డు మీద ఇంటికప్పు బాగానే వుంటుంది. మలుపులో మాత్రం పనికిరాదు. బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్ళకి తెలుసు, బస్సు ఎడమకు తిరిగితే మనం కుడిచేతివైపున్న పెద్దమనిషి మీద పడతాం. ఎవరో తోసినట్టు అనిపిస్తుంది. నిజానికి ఎవరూ తొయ్యలేదు. మన ఒళ్ళు తిన్నగా పోబోతోంది, బస్సు మాత్రం పక్కకు తిరిగిపోతోంది. బస్సుకీ అదే గతి. దాన్ని లోపలికి పట్టి వుంచేవి రెండే రెండు. టైరుకీ తారుకీ మధ్య పట్టు ఒకటి, రోడ్డు లోపలివైపు ఒరగటం రెండోది. ఎగ్జిబిషన్‌లో మృత్యుకూపం చూశారా? మోటారుసైకిలు గోడ మీద అడ్డంగా తిరిగేది ఈ సూత్రం మీదే. మన రోడ్డు అంత సాహసం చెయ్యదు. మలుపులో బయటి అంచుని కాస్త లేపుతుంది. ఇంజనీర్లు దాన్ని సూపర్ ఎలివేషన్ అంటారు. మైదానంలో నూటికి 7 దాటకూడదని మన దేశపు నియమం. 7 మీటర్ల రోడ్డుకి నూటికి 7 అంటే బయటి అంచు లోపలి అంచుకన్నా 49 సెంటీమీటర్లు ఎత్తు. ఇంచుమించు మోకాలంత! మనం బస్సు కిటికీలోంచి చూస్తూ ఎన్నోసార్లు దాటివుంటాం, ఒక్కసారైనా గమనించి వుండం.

"అంత ఎత్తే లేపితే ఇంకా లేపొచ్చుగా, టైరు మీద ఆధారపడటం ఎందుకు?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకు నేను కాలేజీలో మార్కులు పోగొట్టుకున్నాను. మన రోడ్డు మీద కార్లొక్కటే పోవు. కొండంత గడ్డి వేసుకున్న లారీ నిదానంగా పోతుంది, చెరకుబండి పోతుంది. రోడ్డు మరీ ఒరిగితే వేగంగా పోయేవాడికి సుఖంగానే వుంటుంది గాని, నిదానంగా పోయే గడ్డిబండి లోపలికి వాలిపోతుంది. అందుకని ఒరగటానికి నూటికి 7, టైరు పట్టుకి నూటికి 15 అని పంచారు. రెండూ కలిపి 22. బండి బరువులో ఆ 22 వంతుల బలంతోనే మలుపు తిరగాలి. దాన్నిబట్టి ఎంత వేగానికి ఎంత మలుపో తేలుతుంది. గంటకి 50 కిలోమీటర్లకి 90 మీటర్ల అర్ధవ్యాసం చాలు. వేగం 100 అయితే 180 చాలదు, 360 కావాలి. రెట్టింపు వేగానికి నాలుగు రెట్లు. కొత్తగా చేరిన ప్రతివాడూ ఇక్కడే ఒకసారి తెల్లబోతాడు, తరవాత జన్మంతా మరిచిపోడు.

ఇంకోటి కూడా చెప్పి వదిలేస్తాను. తిన్నని గీత చివర వృత్తాన్ని టక్కున అతికించకూడదు. మధ్యలో కొంతదూరం వంపు మెల్లమెల్లగా పెరుగుతూ పోవాలి. బయటి అంచు కూడా ఆ దూరంలోనే మెల్లగా లేస్తుంది. స్టీరింగు తిప్పే చెయ్యి ఒక్కసారిగా తిరగదు గదా. మా ఆవిడ కుట్టుమిషను చాలా ఏళ్ళు తొక్కింది. "ఓహో, రవికకి మెడ తిప్పటం లాంటిదన్నమాట. గుడ్డ ఒక్కసారి తిప్పితే సూది విరుగుతుంది" అంది. మా మేనకోడలు ఆ మాటని లాప్‌టాప్‌లో రాసుకుంది. నేను ముప్ఫైయైదేళ్ళలో చెప్పిన ఏ మాటనీ ఎవరూ రాసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతవరకూ చెప్పింది బండి పడిపోకుండా తిరగటం గురించి. అది సగమే. రెండో సగం చూపు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనుకోండి. కంటికి కనబడాలి, అవి పొంగుతున్నాయని బుద్ధికి తట్టాలి, కట్టెయ్యాలని తోచాలి, అప్పుడు చెయ్యి కదలాలి. ఈలోపల సగం పాలు పొయ్యిలో వుంటాయి. రోడ్డు మీదా ఇంతే. అడ్డం కనబడిన క్షణంనుంచి కాలు బ్రేకు మీద పడేదాకా రెండున్నర సెకన్లు పడుతుందని మన నియమాలు లెక్కవేసుకున్నాయి. గంటకి 100 కిలోమీటర్ల మీద పోయే కారు ఆ రెండున్నర సెకన్లలో ఇంచుమించు 70 మీటర్లు పోతుంది. బ్రేకు ఇంకా పడనేలేదు! పడ్డాక ఆగటానికి మరో 110 మీటర్లు. మొత్తం 180. అదే 50 కిలోమీటర్ల మీద అయితే 60 మీటర్లు చాలు. 80 కిలోమీటర్లకు 120 మీటర్లని పుస్తకంలో వుంది. అంటే ఆ వేగానికి గీసిన రోడ్డు మీద ఏ చోటున వున్నా డ్రైవరు ముందున్న 120 మీటర్లూ చూడగలిగి వుండాలి. పగలైనా సరే, మలుపైనా సరే, మిట్టయినా సరే.

మిట్ట మీద చూపుకి అడ్డం రోడ్డే. మలుపులో అడ్డం రోడ్డు కాదు. రోడ్డు విల్లులా వంగుతుంది, మనిషి చూపు వంగదు. అది నారిలాగా ఈ కొసనుంచి ఆ కొసకు తిన్నగా పోతుంది. విల్లుకీ నారికీ మధ్య వున్న జాగాని నేను మలుపు లోపల అంటున్నాను. ఆ జాగాలో గోడ వుంటే చూపు గోడకు తగులుతుంది. చెట్టుంటే చెట్టుకి తగులుతుంది. అర్ధవ్యాసం, వాలు, వెడల్పు, అన్నిటికీ ఆకుపచ్చ గుర్తులు పడ్డా సరే, అవతల ఏముందో డ్రైవరుకి తెలియదు.

"మా సర్వేలో అది లేదు మావయ్యా" అంది పిల్ల. "రోడ్డు హద్దులోపలి నేల మట్టాలే ఇచ్చారు. హద్దు అవతల వూరికే ఖాళీగా వుంది."

"ఖాళీగా వున్నది నీ తెర మీద. నేల మీద ఖాళీ అరుదు."

ఈ మాట కాస్త కటువుగానే అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. మా ఆవిడ నావైపు చూసింది. ఎందుకు కటువుగా అన్నానో ఆవిడకు తెలుసు. ఇప్పటిదాకా మా ఇద్దరికే తెలుసు.

1984లో నేను జూనియర్ ఇంజనీరుని. ఒక జిల్లా రోడ్డుని రాష్ట్ర రహదారిగా బాగుచేస్తున్నారు. ఏ వూరో చెప్పను. అక్కడివారిలో ఆ సంగతి తెలిసినవాళ్ళింకా వున్నారు. ఒక మలుపు గీసే పని నాకు అప్పగించారు. 80 కిలోమీటర్ల వేగానికి అర్ధవ్యాసం 230 మీటర్లకు తగ్గకూడదని నియమం. సరిగ్గా 230 పెట్టాను. బయటి అంచు నూటికి 7 లేపాను. రెండేళ్ళ పెళ్ళికొడుకుని, కొత్త పుస్తకం, కొత్త ఫౌంటెన్ పెన్ను. పైవారు చూశారు, సంతకం పెట్టారు. మలుపు లోపల ఒక తోట ప్రహరీ వుంది. లోపలి వరస నడుమనుంచి ఆ గోడకి 5 మీటర్లు. 120 మీటర్ల చూపు కావాలంటే 7.8 మీటర్లు ఖాళీ వుండాలి. లెక్క కష్టమైనదేం కాదు. చూపుదూరాన్ని దానితోనే గుణించి, అర్ధవ్యాసానికి ఎనిమిది రెట్లతో భాగించటమే. ఆ లెక్క నాకు వచ్చు. పరీక్షలో చేశాను. ఆ మలుపు దగ్గర చెయ్యలేదు.

5 మీటర్ల ఖాళీకి కనబడేది 96 మీటర్లే. తక్కువపడ్డది 24.

పాత రోడ్డు గుంతలమయం. ఆ మలుపులో 30 కిలోమీటర్లు దాటి పోవటానికి ఎవరికీ ధైర్యం వుండేది కాదు. ఆ గోడ అప్పుడూ వుంది, ఎవరినీ ఏమీ చెయ్యలేదు. మేము దాన్ని అద్దంలా చేశాం. తెల్లగీతలు వేశాం. రెండు కిలోమీటర్లు తిన్నగా వచ్చే రోడ్డు చివర ఆ మలుపు. రోడ్డు తెరిచిన నాలుగోనెలలో, సాయంత్రం వెలుతురు మసకబారే వేళ, మలుపులో వరిగడ్డి బండి పోతోంది. వెనకనుంచి బస్సు వచ్చింది. డ్రైవరు చూశాడు, బ్రేకు వేశాడు, టైర్ల గుర్తులు రోడ్డు మీద చాలాదూరం వున్నాయి. ఆ 24 మీటర్లు వుండివుంటే ఆగేవాడే. ఎడ్లు రెండూ అక్కడే పోయాయి. బండి తోలుతున్నాయన మూడోరోజున ఆస్పత్రిలో పోయాడు.

డ్రైవరు మీద కేసు పెట్టారు. గోడ సంగతి ఎవరూ అడగలేదు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఒక ఆదివారం వెళ్ళి టేపు పెట్టి కొలిచాను. 5 మీటర్లు. సైకిలు మీద ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. సోమవారం ఒక నోటు రాసి పైకి పంపాను. గోడ వెనక్కి జరగటానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మలుపుకి ముందు 'నెమ్మదిగా పొమ్ము' అని ఒక బోర్డు నిలబడింది. బోర్డు చదివి నెమ్మదించేవాడికి బోర్డుతో పనిలేదు. వేగంగా వచ్చేవాడు బోర్డు చదవడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ లెక్కల్లో అతివేగం, తాగి నడపటం, ఎదురుదారిన రావటం అని గళ్ళు వుంటాయి. గీసినవాడి పొరపాటు అనే గడి నా కంటపడలేదు. డ్రైవర్లు తప్పులు చెయ్యరని నేననటం లేదు. చేస్తారు. నిద్రమత్తులో వుంటారు, ఫోను చూస్తూ వుంటారు, వెనకసీట్లో పిల్లలు కొట్టుకుంటూ వుంటారు. అలాంటి మనిషి వస్తాడని తెలిసే గీత గియ్యాలి.

ఇదంతా విని మా మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడే గాలి మార్చింది. "అయితే తిరుమల కొండ సంగతేమిటండీ? అక్కడ వున్నవన్నీ మెలికలే. చేతిలో నిమ్మకాయ పట్టుకుని వాసన చూసుకుంటూ ఎక్కుతాం. చూపు లేదు, ఏమీ లేదు. అక్కడ రోజూ ప్రమాదాలు జరగాలిగా?"

అది మంచి ప్రశ్న. కొండ మీద డ్రైవరు మలుపు కోసం కాచుకుని వుంటాడు. కొండదారి మెలికకి గంటకి 20 కిలోమీటర్ల వేగం, లోపలివైపు అర్ధవ్యాసం 14 మీటర్లు చాలని నియమం. ఎక్కుడు మెలికలో మరీ నిలువుగా వుండకుండా నూటికి రెండున్నర దాటనివ్వరు. అంత తక్కువ వేగానికి 20 మీటర్ల చూపు చాలు. ఒక మెలిక తరవాత ఇంకొకటి, దాని తరవాత మరొకటి. అన్నీ ఒకే జాతివి. డ్రైవరు కాలు బ్రేకు మీదే వుంటుంది. పైగా 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు దిగటానికీ, 1974లో వచ్చిన రెండోది ఎక్కటానికీ కేటాయించారు. ఎదురుబండి బాధ లేదు. కొండ తన సంగతి ముందే చెప్పేస్తుంది. మోసం చేసేది మైదానమే. మూడు కిలోమీటర్లు తిన్నగా పోయినవాడికి నాలుగోదీ తిన్నగానే వుంటుందనిపిస్తుంది. 1934లో ఏర్పడ్డ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1980లో అచ్చువేసిన నియమాల పుస్తకంలో ఈ సంగతి వుంది. తిన్నని రోడ్డు 3 కిలోమీటర్లు దాటనివ్వవద్దు, దాని చివర గట్టిమలుపు పెట్టవద్దు అని. లెక్కలున్న పేజీలే అందరూ చూస్తారు, మాటలున్న పేజీలు తిప్పేస్తారు. 1984లో నేనూ తిప్పేశాను.

సోమవారం పిల్ల ఆఫీసుకి ఒకపూట సెలవు పెట్టింది. పొద్దున ఆరుగంటలకే ముగ్గురం బయలుదేరాం. మా ఆవిడ రానక్కరలేదు గాని, ఉప్మా డబ్బాతో తయారైంది. కారు వెనక ఒక టేపు, ఒక ఇటుక, మా పూజగది పీట. పీట ఎందుకంటే, డ్రైవరు కన్ను రోడ్డుకి 1.2 మీటర్ల ఎత్తున వుంటుందని లెక్క. పిల్ల పీట మీద కూర్చుంటే కన్ను ఇంచుమించు ఆ ఎత్తుకే వచ్చింది. ఇటుక ఎందుకంటే, కనబడవలసిన అడ్డం ఎత్తు 15 సెంటీమీటర్లని నియమం. ఇటుకను నిలబెడితే కాస్త ఎక్కువే వుంటుంది. మన పనికి చాలు.

మలుపు లోపల మామిడితోట వుంది. పాతకాలపు చెట్లు, కొమ్మలు కిందికి వాలి కంచె మీద పడుతున్నాయి. ఉపగ్రహం తీసిన ఫోటోలో అదొక పచ్చని మరక. కొత్త రోడ్డు లోపలి వరస నడుమ ఎక్కడికి వస్తుందో పిల్ల ఫోనులో చూసి రోడ్డు వారన గులకరాళ్ళతో గుర్తుపెట్టింది. అక్కడినుంచి మొదటి చెట్ల వరసకి టేపు పట్టాం. నాలుగున్నర మీటర్లు.

"చెప్పకండి మావయ్యా, నేనే చేస్తాను" అంది. రోడ్డు మీద కూర్చునే లెక్కకట్టింది. 250 మీటర్ల అర్ధవ్యాసానికి నాలుగున్నర మీటర్ల ఖాళీ వుంటే కనబడేది 95 మీటర్లు. కావలసింది 120. దానికి 7.2 మీటర్ల ఖాళీ కావాలి.

లెక్క చేశాక కూడా నమ్మకం కలగలేదు కాబోలు, నన్ను ఇటుక పట్టుకుని నడవమంది. గులకరాళ్ళ వెంబడే నడిచాను. తొంభై దాటి కొంచెం పోగానే వెనకనుంచి "పోయారు!" అని కేక వినిపించింది. నేను ఎక్కడికీ పోలేదు. మామిడికొమ్మ వెనక్కి పోయాను.

ఆ కేకకి తోట కాపలా ముసలాయన వచ్చాడు. సంగతి విని, "ఇక్కడ హారను కొట్టకుండా ఎవరూ తిరగరు బాబూ. ఈ వూళ్ళవాళ్ళందరికీ అలవాటే. కొట్టనివాడొకడు నిరుడు వేసవిలో మా కంచెలోకొచ్చి పడ్డాడు. బతికాడు లెండి" అన్నాడు.

అలవాటున్నవాళ్ళ కోసం ఎవరూ రోడ్డు వెడల్పు చెయ్యరు. వెడల్పు చేస్తే అలవాటులేనివాళ్ళు వస్తారు. ఎనభై మీద వస్తారు.

"అయితే అర్ధవ్యాసం 400 చేసేస్తాను. అప్పుడు నాలుగున్నర మీటర్ల ఖాళీయే చాలు, సరిగ్గా 120 కనబడుతుంది" అంది పిల్ల ఉత్సాహంగా. లెక్క నిజమే. అయితే ఇక్కడే కొత్తవాళ్ళు ఇంకోసారి తెల్లబోతారు. రెండు తిన్నని గీతలూ ఎక్కడివక్కడే వుంచి వంపు సాగదీస్తే, గీత మూలని కోసుకుంటూ లోపలివైపు జరుగుతుంది. అంటే తోటలోకే! తెర మీద గీసి చూసుకుంది. తోట మూలలో పదకొండు చెట్లు రోడ్డు కిందికి వచ్చాయి. 250 అలాగే వుంచి చూపు కోసం జాగా మాత్రం ఖాళీచేస్తే పోయేది మొదటి వరసలో తొమ్మిది చెట్లు. రెండూ కాదనుకుంటే గీత మొత్తాన్ని మూడు మీటర్లు బయటికి జరపాలి. అటు వరిపొలం, అది వేరే ఆసామీది. ఎటు తిప్పినా ఎవరో ఒకరి గుమ్మం తట్టాల్సిందే. ముసలాయన చెట్ల లెక్క విని ఏమీ అనలేదు. ఒక చెట్టు మొదలు మీద చెయ్యివేసి, "ఇది మాత్రం అయ్యగారి నాన్నగారు నాటింది" అన్నాడు.

నన్నడిగితే 400 మంచిది. మలుపే మెత్తబడుతుంది, తిన్నని రోడ్డు చివర వచ్చేవాడికి అది మేలు. ఖాళీచేసిన జాగాలో అయిదేళ్ళకి మళ్ళీ ఎవరో ఒకరు కంచె వేస్తారు, బడ్డీ పెడతారు. అయినా నేను చెప్పలేదు. రోడ్డు తనది.

అక్కడినుంచే తన పైఅధికారికి ఫోను చేసింది. అవతలివైపు మాటలు మాకు వినబడలేదు గాని, ఇవతలివైపువి వినబడ్డాయి. "సార్, నియమం ప్రకారం మలుపు సరిపోయింది సార్... అవును సార్, శుక్రవారమే... కాని చూపు సరిపోలేదు సార్. నేను కొలిచాను... కంప్యూటర్లో కాదు సార్, ఇక్కడే, పీట వేసుకుని..." చాలాసేపు అవతల నిశ్శబ్దం. ఆ తరవాత, "మూడు రకాలుగానూ గీసి తెస్తాను సార్" అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం గడువు మారలేదట. పిల్ల అప్పటినుంచీ రాత్రింబవళ్ళు మా ఇంట్లోనే కూర్చుని గీస్తోంది. తోట ఆసామీని చూడటానికి రేపు మళ్ళీ వెళతానంటోంది. ఈసారి వాళ్ళ పైఅధికారి కూడా వస్తారట, పీట అడిగి పెట్టుకున్నారు. మా చెల్లెలికి మామిడికాయలతో తిప్పి పంపుదామనుకున్న కందిపొడి సీసా మాత్రం సగమై మా బల్ల మీదే వుంది.